చూశానమ్మా

“అద్దం చూసుకున్నాను, బెల్టు పెట్టుకున్నాను, న్యూట్రల్‌లోనే ఉంది, స్టార్ట్ చేస్తున్నాను” అని కూతురు ఒక్కొక్కటే పైకి చెప్పుకుంటూ తాళం తిప్పుతుంటే, పక్క సీట్లో ఆయన ఊ, ఊ అంటూ తలాడిస్తున్నాడు గానీ ధ్యాసంతా ఆకాశం మీదే ఉంది. వాళ్ళమ్మని తీసుకురావడానికి పొద్దుండగానే బయల్దేరదామని మధ్యాహ్నం నుంచీ చెవిలో ఇల్లు కట్టుకుని పోరుపెట్టాడు. వింటేగా. అమ్మ ముందు కారు దిగేటప్పుడు మనిషిలా కనిపించొద్దా అని తల దువ్వుకుని, వేసుకున్న బట్టలు బాగాలేవని ఇంకో జత మార్చుకుని, బీరువా అద్దం ముందు అటు తిరిగి ఇటు తిరిగి చూసుకునేసరికి, ఎదురింటి గోడ మీది ఎండ కాస్తా పైకప్పెక్కి అక్కణ్ణుంచి ఎటో పోయింది. మిగతావాళ్ళకి సాయంత్రమంటే సాయంత్రమే, కాస్త చల్లబడుతుంది, దీపాలు వెలుగుతాయి, అంతే. ఆయనకి మాత్రం ఈ మధ్య సాయంత్రమంటే ఎవరో వచ్చి ఒక్కో కిటికీ మూసుకుంటూ పోయినట్టుంటుంది. పోనీ ఇవాళొద్దు, రేపు పోదాంలే అనడానికి లేదు. రేపు పొద్దున్న డిపోలో ఆఫీసరు బల్ల మీద తన లైసెన్సు కార్డు పెట్టేసి రావాలి. ఎల్ బోర్డు బండిలో పక్కన లైసెన్సున్న మనిషి కూర్చోవాలని రూలు. రేపటి నుంచి ఆ మనిషి తాను కాదు. కూతురి పక్కన ఇలా కూర్చోవడం ఇదే ఆఖరుసారి. ఆ సంగతి కూతురికి తెలియదు, బిస్కెట్ల ఫ్యాక్టరీలో షిఫ్టు దిగబోతున్న భార్యకీ తెలియదు. తెలిసినవాళ్ళు డిపో డాక్టరూ, ఆఫీసరూ, తానూ.

బండి కదిలింది, చిన్న కుదుపు కూడా లేకుండా. క్లచ్ ఎంత బాగా వదిలిందో అనుకున్నాడు, పైకి మాత్రం అనలేదు. పొగిడితే కాలు తేలిపోతుందని డిపోలో కుర్రాళ్ళతో ఉన్న అలవాటు. మొదట్లో ఇదే సందులో బండిని కప్పలా గెంతించేది. గెంతినప్పుడల్లా తనే నవ్వేది, పక్కింటి పెద్దావిడ గుమ్మంలోకి వచ్చి మరీ చూసేది. “సందు చివర, ఎడమ పక్క కుక్క పడుకుంది, లేవలేదు. కుడి పక్క స్కూటరు ఆగి ఉంది, మనిషి లేడు. రోడ్డు మీదకి వస్తున్నాను, అటు ఖాళీ, ఇటు ఆటో, ఆటో వెళ్ళిపోయింది, తిప్పుతున్నాను.” చూశానమ్మా, అన్నాడు ఆయన. కుక్కా కనిపించలేదు, ఆటోవాడూ కనిపించలేదు. కనిపిస్తున్నదల్లా గేరు మీద ఆమె చెయ్యి, దానికవతల స్టీరింగు ముక్క, తల తిప్పితే ముందద్దంలో పళ్ళెమంత వెలుతురు. డాక్టరు బొమ్మ గీసి చూపించాడు. కంట్లో ఒత్తిడి పెరిగి నరాన్ని తినేస్తుందట, నొప్పుండదు, మంటుండదు, అంచుల్లోంచి మొదలుపెట్టి మధ్యకి వస్తుంది. పోయిన చూపు పోయినట్టే, ఉన్నదాన్ని కాపాడుకుందాం, చుక్కలు మానకండి అన్నాడు. మానలేదు. ఫ్రిజ్ తలుపులో ఆ సీసా చూసి ఇదేంటని భార్య అడిగితే డీజిల్ పొగకి కళ్ళు మండుతున్నాయే అన్నాడు. పాతికేళ్ళు కాపురం చేసిన మనిషి కదా, నమ్మేసింది.

చూపు తగ్గిందని బస్సు మీంచి దించేసి ట్రైనింగు యార్డులో వేసిననాడు ఇంటికొచ్చి ఏం చెప్పాలో తోచక, ప్రమోషనిచ్చారు, కొత్తవాళ్ళకి నేర్పమన్నారు అన్నాడు. అబద్ధమని కూడా అనలేం, నేర్పమన్న మాట నిజమే. భార్య మురిసిపోయింది. ఫ్యాక్టరీలో తన వరుసలో నిలబడే ఆడవాళ్ళందరికీ చెప్పింది, మా ఆయన ఇక ఎండల్లో తిరగక్కర్లేదు, గురువుగారయ్యాడు అని. కూతురైతే పొద్దున్నే ఆయన బూట్లు తుడిచి గుమ్మంలో పెట్టి, గురువుగారికి దండాలు అంది. ఆ బూట్లలో కాళ్ళు పెట్టినప్పుడు ఎంత సిగ్గేసిందో. ఒక మనిషికి తన వాళ్ళ సంతోషం ఇంత బరువవుతుందని ఆయనకి అప్పటిదాకా తెలియదు. చెబుదాం, ఆదివారం చెబుదాం, దీని పరీక్షలు అవనీ చెబుదాం, అనుకుంటూ ఉండగా చెప్పడానికి వీలుండే రోజులు వెనకబడిపోయాయి. చెబితే, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అడిగే రోజులొచ్చాయి.

“స్పీడ్ బ్రేకరు వస్తోంది, రెండో గేరు, ఎక్కాం, దిగాం. ముందు లారీ, ఇటుకల లోడు, దూరం ఉంచుతున్నాను.” లారీ అన్న మాట వినగానే ఆయన కుడి కాలు నేలని గట్టిగా నొక్కింది. అక్కడ బ్రేకేమీ లేదు, రబ్బరు పట్టా ఉంది. యార్డులో కుర్రాళ్ళు దీన్ని చూసి నవ్వుకుంటారు, సారు బ్రేకు సారుకుంది అని. నవ్వితే నవ్వనీ. ఆయనకి నేర్పిన పెద్దాయన కూడా అలాగే నొక్కేవాడు. బీడీ కంపు కొడుతూ, పక్కన ఇరుక్కుని కూర్చుని, కళ్ళకి కనిపించిందంతా నోటితో చెప్పరా, చెప్పలేదంటే చూడలేదన్నమాటే అని తొడ మీద చరిచేవాడు. రోడ్డు మీద ఉన్నదంతా చెప్పాలి, మనిషీ మేకా సైకిలూ గొయ్యీ ఏదైనా. సిగ్గుతో నోరు పెగిలేది కాదు మొదట్లో. తర్వాత అదే అలవాటై, ఖాళీ బస్సు తోలుతున్నప్పుడు కూడా పైకి చెప్పుకునేవాడు. కండక్టరు వెనక నుంచి, ఎవరితో అన్నా మాట్లాడుతున్నావు, అనేవాడు. కూతురికి నేర్పడం మొదలుపెట్టినప్పుడు, కనిపించిందల్లా చెప్పాలమ్మా, అది మా ఇంటి పద్ధతి అన్నాడు. పద్ధతి నిజమైనదే. దాని చాటున తాను దాక్కున్నాడు, అంతే తేడా.

గాలి మారింది, ఎడమ పక్కన ఎత్తయిన ఇళ్ళు అయిపోయి ఆటస్థలం మొదలైంది కాబోలు, చెంపకి చల్లగా తగిలింది. ఈ రోడ్డు మీద ఆయన ఎన్నేళ్ళు బస్సు నడిపాడు. ఇంజను మూత మీద దుప్పటి మడతపెట్టి పిల్లని కూర్చోబెట్టుకునేవాడు, బడి లేని రోజుల్లో. చూసేవాళ్ళెవరూ లేని ఆఖరి ట్రిప్పులో. నాలుగేళ్ళుంటాయేమో. నోటికి తాళం లేదు. కుక్క నాన్నా, తాతయ్య నాన్నా, నీళ్ళ ట్యాంకరు కారుతోంది నాన్నా, ఆంటీ గొడుగు తిరగబడింది నాన్నా. ఆయన రోడ్డు మీంచి చూపు తిప్పకుండా, చూశానమ్మా, చూశానమ్మా అనేవాడు. పిల్ల చూసినదాన్ని అప్పటికే ఆయన చూసి ఉండేవాడు, ఒక్కటీ మిగిలేది కాదు. అబ్బ, నాకంటే ముందు ఎలా చూస్తావు అని అలిగేది. కండక్టరు దానికి పిచ్చుక అని పేరు పెట్టాడు. డిపోలో ఇప్పటికీ పాతవాళ్ళు మీ పిచ్చుకెలా ఉంది అనే అడుగుతారు. ఎంత బాగా చూశాడు ఆ రోజుల్లో, ఎంత దండిగా ఉండేది చూపు, ఖర్చు పెట్టుకున్నా తరగని దానిలా. అద్దంలో వెనక సీటు దాకా మనుషుల మొహాలు కనిపించేవి, పాస్ లేనివాడు కిటికీలోంచి బయటకి చూస్తూ నటించడం కూడా కనిపించేది. ఇప్పుడు పక్కనే ఉన్న కూతురి మొహం చూడాలంటే మెడ మొత్తం తిప్పాలి. తిప్పితే, ఏంటి నాన్నా అలా చూస్తావు, భయమేస్తుంది అంటుంది. పందొమ్మిదేళ్ళ పిల్ల మొహాన్ని ముక్కలు ముక్కలుగా, ముక్కు కాసేపు, చెవి కాసేపు చూసుకోవాల్సి వస్తోంది. ఏ తండ్రికి చెప్పుకుంటాడు ఈ మాట.

“నాన్నా,” అంది కూతురు. గొంతులో ఏదో తేడా ఉంది. “ఒకటడుగుతాను, ఏమీ అనుకోకు. పక్కింటి అంకుల్‌తో నువ్వు అంటుంటే విన్నాను. యార్డులో వాళ్ళని రెండు వారాలకే నోరు మూసుకుని నడపమంటావట.”

“అవును, అలవాటయ్యాక చెప్పక్కర్లేదు. మనసులో అనుకుంటే చాలు.”

“మరి నేను? మూడు నెలలైంది. ఇంకా కుక్క, పిల్లి, గొయ్యి అని చదువుతూనే ఉన్నాను. నా ఫ్రెండు ఒకసారి వెనక కూర్చుంది చూడు, అప్పట్నుంచీ నన్ను రేడియో అంటోంది. ముక్కూ మొహం తెలియనివాళ్ళ చేతిలో అంత బస్సు పెడతావు, నా మీద మాత్రం నీకు నమ్మకం లేదు.”

“అది కాదమ్మా.”

“మరేంటి?”

ఆయన నోరు తెరిచాడు. మాట అక్కడిదాకా వచ్చింది. ఎదురుగా ఏదో బండి దీపాలు కళ్ళలో పడి పళ్ళెమంత వెలుతురు కూడా పగిలి పిండి పిండైపోయింది. “టెస్టు అయ్యేదాకా చెప్పు,” అన్నాడు. అంతకంటే దొంగ మాట ఆయనకి కూడా దొరకలేదు.

“నేను చెప్పను,” అంది కూతురు. కోపం కాదు, చిన్నబుచ్చుకుంది. “ఈ ఒక్కసారీ చెప్పను. నమ్మితే కూర్చో.”

కూర్చున్నాడు. ఇంకేం చేస్తాడు. ఇంజను చప్పుడు, టైర్ల కింద ఇసుక చప్పుడు, ఎవరిదో హారను, అంతే, మాట లేదు. ఇంతకాలం ఆమె గొంతులోంచి రోడ్డు చూశాడు. ఇప్పుడా గొంతు ఆగేసరికి రోడ్డే లేకుండా పోయింది, కారు బూడిదరంగు నీళ్ళలో తేలుతున్నట్టుంది. భయం వేసింది. తన కోసం కాదు. దేన్నైనా గుద్దితే మొదట దెబ్బ తగిలేది పిల్లకి, ఆ తర్వాత రోడ్డు మీది ఎవరో తల్లి కన్న బిడ్డకి. చూపులేని మనిషివి లైసెన్సు జేబులో పెట్టుకుని ఎలా కూర్చున్నావయ్యా అని ఎవరైనా అడిగితే ఏం చెబుతాడు. దానికి నా కంటే మంచి కళ్ళున్నాయి, నా కంటే మంచి చెయ్యుంది, నేను ఉత్త కార్డునే అని చెబుతాడా. ఇంట్లో ఒక్కరికైనా బండి చేతికి రావాలి, తన చూపు పూర్తిగా ఆరిపోయేలోపు రావాలి, ఆ ఆత్రంలో మంచీ చెడూ చూసుకోలేదు. వాళ్ళమ్మకి షిఫ్టంతా నిలబడి నిలబడి మోకాళ్ళు అరిగిపోయాయి, బస్సు మెట్టు ఎక్కాలంటే రెండు చేతులతో కమ్మీ పట్టుకుంటుంది. రేపు తనని ఆసుపత్రికి ఎవరు తీసుకెళ్ళాలి, ఆమెని ఎవరు తీసుకురావాలి. అన్నీ ఈ పిల్ల నెత్తినే. మొదటిసారి నడక నేర్చినప్పుడు ఇది ఆయన చూపుడువేలు పట్టుకునే నడిచింది, వేలు వదిలించుకోవడానికి ఎంత కష్టపడ్డాడో, వదిలితే నిలబడిపోయి ఏడ్చేది. చివరికి వేలి బదులు ఒక పుల్ల ఇచ్చాడు, అది నాన్న వేలనుకుని గట్టిగా పట్టుకుని గది ఈ చివర నుంచి ఆ చివరకి నడిచేసింది. ఎంత నవ్వుకున్నారో ఆవేళ భార్యాభర్తలిద్దరూ. ఇప్పుడు ఆ పుల్ల తానే. పక్క సీట్లో పెట్టిన పుల్ల. అది పట్టుకున్నాననుకుంటోంది, పాపం, ఇక్కడ పట్టుకోవడానికి ఏమీ లేదు.

సరే, కళ్ళు లేకపోతే ఏం, రోడ్డు ఒంట్లో ఉంది కదా అనుకున్నాడు. బండి కొద్దిగా పైకెక్కింది, అది కాలవ మీది వంతెన. దిగింది. నూనె మరిగే వాసన, అది మూల మీది హోటలు. ఎడమ పక్కకి వంపు, ఒళ్ళు కూతురి వైపు ఒరిగింది, నెమ్మదిగా తీసింది వంపు, బాగా తీసింది. ఇక తిన్నగా రోడ్డు, ఆ చివర బ్యాంకు దగ్గర సిగ్నలు. బస్సులో అయితే ఇక్కడ మూడో గేరు. మూడులోనే ఉంది. ఇంకాస్త, ఇంకాస్త, ఇదిగో ఇప్పుడు వదలాలి యాక్సిలరేటరు అనుకుంటుండగానే బండి బరువు ముందుకి వచ్చింది, బెల్టు ఛాతీకి పట్టింది. గట్టి బ్రేకే గానీ కుదుపు లేదు, ఇంజను ఆగలేదు, సమయానికి క్లచ్ నొక్కింది. ఆయన గుండెలో ఏదో విచ్చుకుంది. ఇంకొకరైతే బండి ఆపేసుకునేవాళ్ళు. మూడు నెలలుగా అనని మాట ఇవాళన్నా అనాలనిపించింది, ఆఖరుసారి కదా. మెడ తిప్పి, కూతురు ఉండాల్సిన చోటికేసి నవ్వాడు.

“శభాష్. సిగ్నలు దగ్గర ఇలాగే ఆపాలి. గీత దాటలేదు చూడు.”

బయట ఎవరో మగమనిషి, అయ్యో అమ్మా, జరిగిపోతున్నాం, జరిగిపోతున్నాం అన్నాడు. ఇంకొకడు అరేయ్ నీ వైపు ఎత్తరా అన్నాడు. చెక్క దేనికో గీసుకుంది. ఆ చప్పుళ్ళు సిగ్నలు దగ్గరి చప్పుళ్ళు కావు. ఆయన నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయింది, ఎలా తియ్యాలో తెలియలేదు.

“ఏ సిగ్నలు నాన్నా?” అంది కూతురు చాలా నెమ్మదిగా.

“బ్యాంకు దగ్గరిది.”

“బ్యాంకు ఇంకా రాలేదు. షాపులోంచి ఇద్దరు సోఫా మోసుకుని అడ్డం వచ్చారు. మన బండికి ఇంత దూరంలో, అదిగో, ఇంకా ఇక్కడే ఉన్నారు. అంత పెద్ద సోఫా.” ఆగింది. “చూశావా నాన్నా?”

చూశానమ్మా అనడం ఎంత తేలిక. నాలుక దానంతటదే అటు తిరిగింది, ఇన్నేళ్ళ అలవాటు. వెనక ఎవరో హారను కొట్టారు. కూతురు ఇండికేటరు వేసింది, బండిని మెల్లగా పక్కకి తీసింది, ఆపింది, హ్యాండ్ బ్రేకు లాగింది. ఒక్కటీ మర్చిపోలేదు. టిక్కు టిక్కుమని ఇండికేటరు కొట్టుకుంటూనే ఉంది.

“నీ కాలు కూడా కదల్లేదు,” అంది. “ఎప్పుడూ నేలని తొక్కుతావు కదా. ఇప్పుడు తొక్కలేదు. నేను చెప్పలేదు గనక తొక్కలేదు. ఎప్పుడూ నేను చెప్పాకే తొక్కేవాడివి, నాన్నా. ముందెప్పుడూ కాదు.” సీటు కిర్రుమంది, ఆయన వైపు తిరిగింది. “చూశావా, లేదా?”

“లేదమ్మా,” అన్నాడు. “చూడలేదు.”

చెప్పేశాక దాచడానికి ఇంకేమీ మిగల్లేదు, మిగతాదంతా తేలిగ్గానే వచ్చింది. ఎప్పట్నుంచి అని అడిగింది, నువ్వు స్టీరింగు పట్టక ముందు నుంచే అన్నాడు. ప్రమోషనో అంది, అదీ ఇందుకే అన్నాడు. తగ్గుతుందా అంది. ఉన్నది నిలబడితే గొప్పేనట అన్నాడు. రేపు కార్డు ఇచ్చేయాలమ్మా, రేపటి నుంచి నీ పక్కన వేరెవరైనా కూర్చోవాలి, డిపోలో ఎవరినైనా అడుగుతాను అన్నాడు. అమ్మకి తెలుసా అంది. తెలియదు. ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది. ఆయన చెయ్యి చాచాడు, భుజం మీద వేద్దామని. చెయ్యి గాల్లోంచి పోయి సీటు అంచుకి తగిలింది. ఆమె ఆ చేతిని పట్టుకుని తెచ్చి తన భుజం మీద పెట్టుకుంది. ఇంత చిన్న భుజమా అనుకున్నాడు.

“అయితే ఇన్నాళ్ళూ,” అంది కూతురు, “రోడ్డు ఎవరు చూశారు?”

“నువ్వే.”

“నేను తప్పు చెప్పుంటే?”

“చెప్పలేదుగా.”

“నన్ను నమ్మలేదని ఎన్నిసార్లు ఏడ్చానో తెలుసా నీకు?”

“నీ మీద నమ్మకం లేక కాదమ్మా. నాకు నువ్వు తప్ప ఏమీ లేదు ఈ రోడ్డు మీద. ఈ మాట చెప్పడానికే నోరు రాలేదు.” ఇంకా ఏదో చెబుదామనుకున్నాడు. ఏడుపు వచ్చింది ఆయనకి, కళ్ళు చూడటం మానేసినా ఈ పని మాత్రం మానలేదు. కూతురు డాష్‌బోర్డు మీది గుడ్డ ఇచ్చింది, అద్దాలు తుడిచేది, దుమ్ము వాసన వేసింది, దానితోనే తుడుచుకున్నాడు.

కాసేపటికి హ్యాండ్ బ్రేకు దింపిన చప్పుడు వినబడింది. “అద్దం చూసుకున్నాను,” అంది కూతురు. గొంతింకా తడిగానే ఉంది. “వెనక సైకిలు, వెళ్ళనిస్తున్నాను. వెళ్ళాడు. కదులుతున్నాం. సోఫావాళ్ళు ఫుట్‌పాత్ మీద కూర్చున్నారు నాన్నా, సోఫా మీదే కూర్చున్నారు, ఒకడు కాలు మీద కాలేసుకున్నాడు. బ్యాంకు వస్తోంది. పచ్చ దీపమే, దాటుతున్నాం. కుడి పక్క మేడ మీద ఎవరో ఆరేసిన బట్టలు తీస్తున్నారు. ఆకాశం ఇంకా కొంచెం ఎర్రగా ఉంది, ఆ చివర మాత్రమే.” ఇవేవీ బండి నడపడానికి అక్కర్లేనివి. టెస్టులో ఎవరూ అడగరు. ఆయన ఊ అన్నాడు. మరోసారి ఊ అన్నాడు. చూశానమ్మా అనలేదు.

బిస్కెట్లు కాలుతున్న తియ్యటి వాసన కారులోకి వచ్చింది. ఫ్యాక్టరీ గోడ మొదలైందన్నమాట. బండి వేగం తగ్గింది, రెండో గేరు, ఒకటి. మనుషుల మాటలు, నవ్వులు, సైకిలు బెల్లులు, షిఫ్టు వదిలారు. ఆయన వీపు నిటారుగా పెట్టుకుని గుడ్డ జేబులో కుక్కుకున్నాడు.

“గేటు దగ్గర అమ్మ ఉంది నాన్నా,” అంది కూతురు. “నీలం చీర. టోపీ ఇంకా తియ్యలేదు, మర్చిపోయినట్టుంది. ఇటు చూసింది. స్టీరింగు దగ్గర నేనున్నానని చూసింది. పక్కావిడ చెయ్యి పట్టుకుని చూపిస్తోంది. నవ్వుతోంది నాన్నా, చాలా నవ్వుతోంది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.” బండి ఆగింది. “ఇప్పుడు నీ వైపే వస్తోంది.”

ఆయన తలుపు పిడి కోసం తడుముకున్నాడు. “ఏ వైపు నుంచి?” అని అడిగాడు.